ఈ వానలో ఎవరి గంధకం ఎంత

జూన్‌లో మొదటి వాన వచ్చే సూచన కనపడితే చాలు, మా అమ్మ డాబా మీద ఒక స్టీలు బేసిన్ పెడుతుంది. ఎప్పట్నుంచో ఉన్న అలవాటు. వాన వెలిశాక బేసిన్ని కదపకుండా ఓ అరగంట వదిలేసి, పైన తేరిన నీళ్ళు మొక్కలకి పోసేసి, అడుగున మిగిలిన నల్లటి పొర మీద వేలితో గీత గీసి నాకు చూపిస్తుంది. వేలి చివర మసి. "ఏట్రా ఇది, మనం పీల్చేది ఇదేనా" అంటుంది. విశాఖపట్నంలో వన్‌టౌన్ వైపు పాత ఇల్లు మాది, ఈ మసి సంగతి మా వీధిలో తెలియనివాళ్ళు లేరు, కిటికీ చువ్వల మీద, ఆరేసిన తెల్ల బట్టల మీద, ఆఖరికి మాగాయకి ఎండబెట్టిన ముక్కల మీద కూడా అదే. పీల్చేది ఇదేనా అంటే అవునమ్మా అని చెప్పగలను. కానీ ఆవిడ రెండో ప్రశ్న ఒకటుంది, "ఎవరిదిరా ఇది?" అని. పంతొమ్మిదేళ్ళుగా డిగ్రీ పిల్లలకి కెమిస్ట్రీ చెప్తున్నాను, ఆ ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

కొన్నేళ్ళ కింద మా వైపు కాలుష్యం మీద ఒక మీటింగ్ పెడితే వెళ్ళాను. ఒక ఆఫీసు నుంచి వచ్చినాయన ఇదంతా మీ రోడ్ల దుమ్మండీ అన్నాడు. ఒక ఫ్యాక్టరీ తరఫున వచ్చినాయన మా చిమ్నీ రీడింగులన్నీ లిమిట్ లోపలే ఉన్నాయి, అసలు సమస్య ఆటోలూ లారీలూ అన్నాడు. లారీ ఓనర్ల తరఫున ఎవరూ రాలేదు కాబట్టి ఆ మాట అక్కడే ఖాయమైపోయింది. ఎవరి పేరూ ఇక్కడ రాయను, రాయడానికి నా దగ్గర రుజువు లేదు, ఆ రోజు ఆ గదిలో ఎవరి దగ్గరా లేదు. నాకు ఆ సాయంత్రం బాధ కలిగించింది అదే, అందరూ ఇంకొకరి వైపు వేలు చూపించారు, ఎవరి వేలూ తప్పని తేల్చే కొలత ఒక్కటి కూడా బల్ల మీద లేదు. ఉంది అలాంటి కొలత, ఐసోటోపుల కొలత అంటారు, ప్రపంచంలో చాలాచోట్ల వాడుతున్నారు, అది మా అమ్మ బేసిన్లో మొక్కలకి పోసేసిన ఆ తేట నీళ్ళలో ఉంది.

మసిలో కాదు, తేట నీళ్ళలో. ఇది ముందు చెప్పాలి. మసి కంటికి కనిపిస్తుంది కాబట్టి కోపం దాని మీదకి పోతుంది. కానీ పెద్ద రేణువుల్లో చాలావరకు ముక్కులోనో గొంతులోనో ఆగిపోతాయి. ఊపిరితిత్తుల లోపలి దాకా వెళ్ళేవి కంటికి కనపడని సన్నటి రేణువులు, వాటిలో పెద్ద భాగం సల్ఫేట్లు, నైట్రేట్లు, అమ్మోనియం, అంటే నీళ్ళలో కరిగిపోయే ఉప్పులు. చిమ్నీలోంచి గంధకం, అంటే సల్ఫర్, సల్ఫర్ డయాక్సైడ్ గ్యాసుగానే వస్తుంది, గాల్లో ఒకట్రెండు రోజులు తిరిగి సల్ఫేట్ రేణువుగా మారుతుంది, ఇంకొన్ని రోజులు తేలుతుంది, వాన పడితే అందులో కరిగి కిందకి దిగుతుంది. ఒకసారి ఆ బేసిన్ నీళ్ళు కాలేజీకి తీసుకెళ్ళి ఫిల్టర్ పేపర్ మీద పోశాను. నలుపంతా కాయితం మీద ఉండిపోయింది, కింద బీకరులోకి మంచినీళ్ళలాంటి తేట నీళ్ళు దిగాయి. అందులో రెండు చుక్కలు హైడ్రోక్లోరిక్ ఆసిడ్ వేసి బేరియం క్లోరైడ్ పోస్తే, ముందు ఏమీ లేదు, తర్వాత గాజు అడుగున పాలు విరిగినట్టు సన్నటి తెలుపు లేచి మెల్లగా బీకరంతా అలుముకుంది. బేరియం సల్ఫేట్. పిల్లలు పరీక్షకి బట్టీ పట్టే రియాక్షనే, కానీ ఆ తెలుపు మా వీధి మీద పడ్డ గంధకం అని తెలిసి చూస్తే వేరేగా ఉంటుంది.

లీటరు వాననీళ్ళలో 5 మిల్లీగ్రాముల సల్ఫేట్ ఉంటే సుమారు 12 మిల్లీగ్రాముల ఆ తెల్లపొడి వస్తుంది. ఎంత అంటే చిటికెడు కూడా కాదు. ఐసోటోపుల పనికి అది చాలు.

ఐసోటోపులంటే భయపడక్కర్లేదు. గంధకం పరమాణువులన్నీ ఒకే బరువు ఉండవు. సుమారు 95 శాతం 32 బరువువి, 4 శాతం పైచిలుకు 34 బరువువి, మిగతావి లెక్కలోకి రానంత తక్కువ. రెండూ గంధకమే, రెండూ ఒకేలా మండుతాయి, ఒకేలా కరుగుతాయి. కానీ వాటి పాళ్ళు ఎక్కడ్నుంచి వచ్చిన గంధకం అన్నదాన్ని బట్టి ఇసుమంత తేడాగా ఉంటాయి. మా వీధి చివర కిరాణా కొట్టాయన బస్తాలోంచి గుప్పెడు బియ్యం తీసి అరచేతిలో పరిచి నూక ఎంత ఉందో చూసి ఇది ఫలానా మిల్లుది అని చెప్పేవాడు. బియ్యం ఒకటే, అన్నం అయ్యాక రుచీ ఒకటే, నూక పాలు మాత్రం మిల్లు మిల్లుకీ వేరు. ఇక్కడ బరువైన గంధకమే నూక అనుకోండి. ఒక బొగ్గుగని గంధకంలో అది ఒక పాలు, ఇంకో దేశం ముడిచమురులో ఇంకో పాలు, సముద్రపు ఉప్పులో ఇంకో పాలు. ఆ తెల్లపొడిని సన్నటి తగరం రేకులో చుట్టి వెయ్యి డిగ్రీల పైన మండించి సల్ఫర్ డయాక్సైడ్ గ్యాసుగా మార్చి (ఆక్సిజన్ బరువు 32 కలిసి 32 కాస్తా 64, 34 కాస్తా 66 అవుతాయి) అయస్కాంతంతో బరువులు వేరుచేసే మాస్ స్పెక్ట్రోమీటర్ గుండా పంపిస్తే 64 బరువు గ్యాసు ఒక దారిలో 66 బరువు గ్యాసు పక్క దారిలో వంగి వెళ్తాయి, రెండిటినీ లెక్కపెట్టి ఒక ప్రామాణికంతో పోల్చి వెయ్యికి ఎంత ఎక్కువ ఎంత తక్కువ అని చెప్తారు. ఆ అంకెని డెల్టా విలువ అంటారు.

ఆ ప్రామాణికం కథ నాకు చాలా ఇష్టం. అమెరికాలో ఆరిజోనా ఎడారిలో పడ్డ కాన్యన్ డయాబ్లో ఉల్కలోని ఇనుప గంధకం పేరు మీదే ఇప్పటికీ స్కేలు నడుస్తోంది. అదే ఉల్కలోని సీసం ఐసోటోపులు కొలిచి క్లెయిర్ ప్యాటర్సన్ అనే శాస్త్రవేత్త 1956లో భూమి వయసు 455 కోట్ల ఏళ్ళని తేల్చాడు. తేల్చే క్రమంలో ఆయనకి ఒక తలనొప్పి, ఎన్నిసార్లు కొలిచినా శాంపిల్లో ఉండాల్సిన దానికంటే సీసం ఎక్కువ వచ్చేది, గది గాల్లోంచి, నీళ్ళలోంచి, బట్టల్లోంచి. గది మొత్తం ఆసిడ్‌తో కడిగి గాలి వడగట్టి పనిచేస్తే తప్ప సరైన అంకె రాలేదు. ఈ సీసమంతా ఎక్కడిది అని వెతుక్కుంటూ వెళ్తే చాలావరకు పెట్రోలులో కలిపే సీసం దగ్గరికి తేలింది. సీసంలో 206, 207, 208 అని బరువులున్నాయి, ఇవి యురేనియం, థోరియం కోట్ల ఏళ్ళుగా విచ్ఛిన్నమై పుట్టినవి కాబట్టి గని వయసుని బట్టి పాళ్ళు మారతాయి. ఆస్ట్రేలియా బ్రోకెన్ హిల్ గని సీసంలో 206కీ 207కీ నిష్పత్తి 1.04 దగ్గర ఉంటే అమెరికా మిసిసిపీ లోయ గనుల సీసంలో 1.3 పైన. ఏ దేశం పెట్రోలులో ఏ గని సీసం కలిపారో గాల్లో, వానలో, చెరువు అడుగు మట్టిలో ఆ నిష్పత్తి అలాగే దొరుకుతుంది, ఎందుకంటే సీసం బరువైన లోహం, దారిలో రియాక్షన్ల వల్ల దాని పాళ్ళు చెదరవు. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే అమ్మారు, ప్రపంచంలో ఆఖరిగా అల్జీరియా 2021లో ఆపింది. ఒక మనిషి తన శాంపిల్ పాడవుతోందని విసుక్కోకుండా పాడు చేస్తున్నదెవరు అని అడగడం ఆ మార్పుకి ఒక మొదలు.

ఇంకా వెనక్కి వెళ్తే 1852లో మాంచెస్టర్‌లో రాబర్ట్ ఆంగస్ స్మిత్ అనే కెమిస్టు ఊరి చుట్టూ వాననీళ్ళు పట్టి చూశాడు. దూరంగా పొలాల దగ్గర ఒక రకం, ఊరి అంచున అమ్మోనియం సల్ఫేట్, ఊరి మధ్యలో ఏకంగా సల్ఫ్యూరిక్ ఆసిడ్. ఆసిడ్ వాన అన్న మాట ఆయన పెట్టిందే. అప్పటికి ఐసోటోపులన్న మాటే లేదు, ఉన్నది గరాటూ సీసా ఓపికా. 1863లో ఆల్కలీ ఫ్యాక్టరీల మీద, అంటే సోడా తయారుచేసేవాటి మీద చట్టం వస్తే దాని కింద మొదటి ఇన్‌స్పెక్టర్ ఆయనే అయ్యాడు. వాననీళ్ళు పట్టిన మనిషి చేతికే చిమ్నీలు తనిఖీ చేసే అధికారం వచ్చింది, ఆ వరస నాకు ముఖ్యం.

ఇక మా ఊరికి వద్దాం. ఐసోటోపు లెక్కకి విశాఖలాంటి ఊరు అరుదు, కష్టమూ అక్కడే సుఖమూ అక్కడే. తూర్పున సముద్రం, దక్షిణంగా యారాడ కొండ, ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం కొండలు, మధ్యలో గిన్నెలాంటి పల్లంలో ఊరు. ఆ గిన్నెలో, దాని అంచుల్లో పోర్టు, రిఫైనరీ, ఎరువుల ఫ్యాక్టరీ, గాజువాక వైపు స్టీల్ ప్లాంటు, పరవాడ దగ్గర 2000 మెగావాట్ల సింహాద్రి బొగ్గు పవర్ ప్లాంటు, వీటితో పాటు లక్షల బళ్ళు, ఓడలు. పరిశ్రమలు ఎక్కువగా ఊరికి నైరుతిలో ఉన్నాయి, మన వర్షాకాలం గాలీ నైరుతిదే. ఇన్ని మూలాలు పక్కపక్కన ఉన్నప్పుడు మామూలు కెమిస్ట్రీ చేతులెత్తేస్తుంది, సల్ఫేట్ 5 మిల్లీగ్రాములు అని చెప్పగలదు కానీ ఎవరిది అని చెప్పలేదు.

ముందు సముద్రాన్ని పక్కకి తీయాలి. సముద్రపు తుంపర్లు గాల్లోకి లేచి వానలో కలుస్తాయి, వాటిలో సల్ఫేట్ ఉంటుంది, అది ఎవరి కాలుష్యమూ కాదు. దీనికి సోడియం ఉపయోగపడుతుంది, సముద్రపు నీళ్ళలో సోడియం ఎంత బరువుంటే సల్ఫేట్ దాంట్లో పావు వంతు. అంటే ఉదాహరణకి (ఇవి నా ఊహ అంకెలు, కొలిచినవి కావు) లీటరు వానలో సోడియం 4 మిల్లీగ్రాములు వచ్చిందనుకోండి, సముద్రం తెచ్చిన సల్ఫేట్ 1 మిల్లీగ్రాము. మొత్తం 5 అయితే మిగతా 4 ఎక్కువగా మనుషులదీ మట్టిదీ. ఇప్పుడు ఐసోటోపు. సముద్రపు సల్ఫేట్ డెల్టా విలువ ప్రపంచమంతా ఒకటే, ప్లస్ 21 దగ్గర. వాన మొత్తం విలువ ప్లస్ 8 వచ్చిందంటే, ఐదింట ఒక వంతు 21తో, మిగతా నాలుగు వంతులు ఎంతతో కలిస్తే 8 అవుతుంది అని చూస్తే జవాబు 4.75. ఇది ఎనిమిదో క్లాసు లెక్క. ఆ 4.75 దేనికి దగ్గరగా ఉంది, సింహాద్రికి ఒడిశా తాల్చేరు నుంచి వచ్చే బొగ్గు గంధకానికా, రిఫైనరీకి వచ్చే ముడిచమురుకా, పోర్టులో దిగే విదేశీ బొగ్గుకా అన్నది ఒక్కో ఇంధనం తెచ్చి ఒక్కసారి కొలిచి ఒక పట్టిక వేసుకుంటే పోల్చి చూసుకోవచ్చు. హుద్‌హుద్ లాంటి తుఫాను రోజు వానలో సముద్రం వాటా విపరీతంగా పెరుగుతుంది, డిసెంబరు చిన్న జల్లులో తగ్గుతుంది, ఆ మార్పులు కూడా మన లెక్క సరైనదో కాదో చెప్పే పరీక్షలే.

ఇక్కడ లారీల మీద నింద వేసిన మాట గుర్తు చేసుకుంటాను. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-6 ఇంధనం. అందులో గంధకం పది లక్షల పాళ్ళకి 10. అంతకు ముందు బీఎస్-4లో 50. అదే ఏడాది జనవరి నుంచి ఓడల ఇంధనంలో కూడా గంధకం పరిమితి మూడున్నర శాతం నుంచి అర శాతానికి దిగింది, అయినా పది లక్షలకి 5000 పాళ్ళు, అంటే లారీ డీజిల్ కంటే 500 రెట్లు. మన బొగ్గులో గంధకం తక్కువ తక్కువ అంటారు, నిజమే, చాలావరకు అర శాతం చుట్టుపక్కలే, కానీ మండించేది రోజుకి వేల టన్నులు. కాబట్టి వానలో సల్ఫేట్ ఉందంటే దానికి ఆటో డ్రైవర్ని తిట్టడం ఇవాళ అన్యాయం. ఆటో పొగలో వేరే పాపాలున్నాయి, గంధకం మాత్రం కాదు.

అసలు గంధకం విషయంలో దేశమంతా జరిగిన వాదన ఒకటి చూస్తే నాకు ఎందుకింత పట్టుదలో అర్థమవుతుంది. 2015 డిసెంబరులో బొగ్గు ప్లాంట్లకి సల్ఫర్ డయాక్సైడ్ పరిమితులు పెట్టారు, పొగలోంచి గంధకాన్ని కడిగే యంత్రాలు, ఎఫ్‌జీడీ అంటారు, 2017 కల్లా పెట్టమన్నారు. గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ వచ్చి 2025 జూలైలో సుమారు 78 శాతం ప్లాంట్లకి ఆ యంత్రం అక్కర్లేదని తేల్చారు. దాని వెనక ఒక ముఖ్య వాదన, గాల్లో సల్ఫర్ డయాక్సైడ్ ఎలాగూ పరిమితి లోపే ఉంది కదా అని. ఉంటుంది మరి! గ్యాసు గ్యాసుగా నిలబడితే కదా. పొడవాటి చిమ్నీలోంచి పైకి పోయి వందల కిలోమీటర్లు ప్రయాణించి సల్ఫేట్‌గా మారాక సల్ఫర్ డయాక్సైడ్ మీటరు దాన్ని ఎలా చూపిస్తుంది? చిమ్నీ పక్కన గ్యాసు తక్కువుంది అంటే గంధకం మాయమైందని కాదు, వేషం మార్చుకుని పక్క జిల్లాకి పోయిందని. వాన ఆ వేషాన్ని పట్టుకుంటుంది. ఇంత పెద్ద నిర్ణయం తీసుకునే ముందు దేశంలో ఒక వంద చోట్ల వాన సల్ఫేట్ ఐసోటోపులు వరసగా కొన్నేళ్ళు కొలిచి ఉంటే, ఇందులో బొగ్గు వాటా ఇంతా అని చెప్పగలిగి ఉంటే, వాదన ఇంకోలా నడిచేది. నిర్ణయం అదే వచ్చినా సరే, కనీసం తెలిసి తీసుకున్నట్టుండేది.

పీహెచ్ గురించి కూడా ఒక మాట, అది ఆసిడ్ ఎంతుందో చెప్పే అంకె, ఎంత తగ్గితే అంత ఆసిడ్. మన దగ్గర చాలాచోట్ల వాన ఆసిడ్‌గా ఉండదు, పీహెచ్ 6, 7 వస్తుంది, చూశారా మన వాన శుభ్రం అంటారు. శుభ్రమైన వాన కూడా కార్బన్ డయాక్సైడ్ వల్ల 5.6 దగ్గర ఉండాలి. అంతకంటే ఎక్కువ ఎందుకు వస్తోందంటే మన దుమ్ములో సున్నం, ఆసిడ్ ఉన్నా అది చంపేస్తుంది. ఆసిడిటీకి జెలుసిల్ వేసుకున్నంత మాత్రాన తిన్న కారం తిననట్టు కాదు కదా. వాతావరణ శాఖవాళ్ళు దేశంలో పది స్టేషన్లలో ఏళ్ళ తరబడి వాననీళ్ళు పడుతున్నారు, వాటిలో విశాఖ ఒకటి. 1987 నుంచి 2021 దాకా ఆ లెక్కలు చూస్తే పీహెచ్ చాలాచోట్ల దిగుతూ వస్తోంది, విశాఖ కూడా ఆ జాబితాలో ఉంది. పట్టే సీసా ఉంది, పట్టే మనిషి ఉన్నాడు, ముప్పై ఏళ్ళ పైబడిన క్రమశిక్షణ ఉంది, లేనిది ఆ సీసాలోంచి కాస్త నీరు తీసి ఇంకో పరీక్షకి క్రమం తప్పకుండా పంపే ఏర్పాటు.

నైట్రోజన్ దగ్గరికి వస్తే కథ ఇంకా రసవత్తరం. అక్కడ 14, 15 బరువులు. బొగ్గు ప్లాంటు పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్‌లకి, వాటిని తగ్గించే యంత్రం లేని ప్లాంట్లలో, డెల్టా విలువ ప్లస్ 10 చుట్టుపక్కల, యంత్రం ఉంటే ఇంకా పైకి. బళ్ళ పొగది సున్నా కిందకి. ఎరువు వేసిన నేలలోంచి వచ్చేది మైనస్ 20, 30, ఇంకా కిందకి కూడా. 2007లో ఎమిలీ ఇలియట్ అనే శాస్త్రవేత్త, ఆమెతో పనిచేసినవాళ్ళు అమెరికా మధ్య పశ్చిమ, ఈశాన్య రాష్ట్రాల్లో 33 చోట్ల పట్టిన వాన నైట్రేట్‌ని కొలిస్తే, చుట్టుపక్కల పవర్ ప్లాంట్ల పొగ ఎక్కువున్నచోట విలువ పైకి, తక్కువున్నచోట కిందకి, చాలా స్పష్టంగా వచ్చింది. పీహెచ్ కంటే, నైట్రేట్ ఎంతుంది అన్న లెక్క కంటే ఈ అంకే ప్లాంట్ల జాడ బాగా పట్టిచ్చింది. కొలిచే పద్ధతి కూడా ముచ్చటైనది, వాననీళ్ళలోని నైట్రేట్‌ని ఒక రకం బ్యాక్టీరియాకి తినిపిస్తారు, అది నైట్రస్ ఆక్సైడ్ దాకా తెచ్చి అక్కడ ఆగిపోతుంది, ఇంకా ముందుకి తీసుకెళ్ళే ఎంజైము దానికి లేదు. ఆ గ్యాసుని మెషీన్లోకి పంపిస్తారు. కొద్ది నీళ్ళు చాలు. గ్రీన్‌లాండ్ మంచులో ఇదే నైట్రేట్ విలువ పరిశ్రమలు రాకముందు ప్లస్ 11 ఉండేది, ఇప్పుడు మైనస్ 1 దాకా దిగింది, మనుషులే లేని మంచు మీద కూడా మన పొగ సంతకం ఉంది.

అయితే ఇదేదో మంత్రదండం అని నేను చెప్పడం లేదు, చెప్తే మా పిల్లలకి నేను చెప్పే చదువుకే ద్రోహం. గ్యాసు రేణువుగా మారేటప్పుడు బరువైనదీ తేలికైనదీ సమానంగా మారవు. అమ్మోనియా గ్యాసు అమ్మోనియంగా మారితే ఆ ఒక్క అడుగులోనే వెయ్యికి 30 పైన తేడా రావచ్చు. 2016లో బీజింగ్ పొగమంచు రోజుల అమ్మోనియం మీద ఒక పరిశోధన వచ్చింది, ఇది పొలాలదీ పశువులదీ కాదు, ఎక్కువగా ఇంధనం మండించినందువల్ల వచ్చిందని. ఆ తర్వాత ఈ మారే అడుగుని ఎలా లెక్కకట్టాలి అన్నదాని మీద చాలా చర్చ నడిచింది, లెక్క మార్చితే వాటాలు మారతాయి. గంధకంలో కూడా మబ్బులో ఏ దారిన సల్ఫేట్ అయింది అన్నదాన్ని బట్టి విలువ కాస్త కదులుతుంది. పైగా రెండు మూలాల విలువలు ఒకదాని మీద ఒకటి పడొచ్చు, ఒక బొగ్గూ ఒక చమురూ ఒకే అంకె ఇవ్వొచ్చు. అందుకే ఒక్క ఐసోటోపు మీద ఆధారపడకూడదు, గంధకం, నైట్రోజన్, సీసం మూడూ చూడాలి, ఆ రోజు గాలి ఎటు నుంచి వచ్చిందో చూడాలి, ఓడల నూనెకి గుర్తుగా వనేడియం లాంటి లోహాలు చూడాలి. ఒక సాక్షి తడబడొచ్చు, నలుగురు విడివిడిగా ఒకటే చెప్తే అది నిలబడుతుంది.

అన్నిటికంటే నాకు ఆశ కలిగించే పద్ధతి ఒకటుంది, దానికి పెద్ద మెషీన్ కంటే ముందు ఓపిక కావాలి. వాన మొదలైన దగ్గర్నుంచి వరసగా చిన్న చిన్న సీసాల్లో పట్టాలి, మొదటి మిల్లీమీటరు ఒక సీసా, తర్వాతది ఇంకోటి, అలా. మొదటి చినుకులు మబ్బు కింద ఉన్న ఊరి గాలిని కడుగుతూ దిగుతాయి, వాటిలో ఉన్నది ఊరిది. గాలి కడిగేశాక వచ్చే చినుకుల్లో ఎక్కువగా మబ్బు పుట్టినచోట కరిగినదే ఉంటుంది, అది దూరం నుంచి వచ్చింది. అంటే ఒకే వానలో స్థానికుడూ పరాయివాడూ వరసగా వచ్చి నిలబడతారు. మాది కాదు ఒడిశా నుంచి కొట్టుకొచ్చింది అనేవాళ్ళకీ, అంతా ఇక్కడిదే అనేవాళ్ళకీ ఇద్దరికీ జవాబు ఆ సీసాల వరసలో దొరుకుతుంది. పట్టేటప్పుడు జాగ్రత్తలున్నాయి, గరాటు ముందే ఆసిడ్‌తో కడిగి ఉంచాలి, వాన పడేటప్పుడే తెరవాలి, లేకపోతే పొడి దుమ్ము పడి అంతా కలిసిపోతుంది, పట్టిన వెంటనే వడగట్టి ఫ్రీజర్‌లో పెట్టాలి, లేకపోతే సూక్ష్మజీవులు నైట్రేట్‌ని, అమ్మోనియాని తినేస్తాయి.

డబ్బులెక్కడివి అంటారు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో విశాఖ ఉంది, హైదరాబాదు ఉంది, విజయవాడ ఉంది, పటాన్‌చెరు ఉంది. ఆ నిధుల్లో 64 శాతం రోడ్డు దుమ్ము మీదే ఖర్చయిందని, పరిశ్రమల మీద పెట్టింది ఒక శాతం కూడా లేదని 2024లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ (సీఎస్‌ఈ) లెక్క తీసింది. రోడ్లు ఊడ్చే మెషీన్లు, నీళ్ళు చిమ్మే ఫిరంగులు. దుమ్ము ఊడవొద్దని అనను, కానీ ఏ రోగమో తెలియకుండా మందుల షాపులో కనపడ్డ మందల్లా కొన్నట్టుంది. ఒక్క ఊడ్చే మెషీన్ డబ్బుతో ఎన్ని సీజన్ల వాన కొలవొచ్చో ఎవరైనా కూర్చుని లెక్కేస్తే బాగుండు. మెషీన్లు కొత్తగా కొననక్కర్లేదు కూడా, విశాఖలోనే సముద్ర విజ్ఞాన సంస్థ ఎన్ఐఓ ప్రాంతీయ కేంద్రం ఉంది, హైదరాబాదులో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐ ఉంది, అహ్మదాబాదులో భౌతిక పరిశోధన సంస్థ పీఆర్ఎల్ ఉంది, ఐసోటోపులు కొలవడం వాళ్ళకి కొత్తేమీ కాదు. కావల్సింది ఒక ఒప్పందం, ఒక ఫ్రీజర్, పరిశ్రమలన్నీ తమ ఇంధనం శాంపిల్ ఏడాదికి రెండుసార్లు ఇచ్చి తీరాలన్న ఒక ఆర్డరు. ఆ మూడోది లేకపోతే మొదటి రెండూ సగమే. నూక పాలు కొలిచి ఏం లాభం, ఏ మిల్లులో ఎంతో తెలియకపోతే?

ఆ ఇలియట్ పరిశోధన గురించి చదివినప్పుడు నన్ను ఆపేసిన విషయం, వాళ్ళు ఆ నీళ్ళు కొత్తగా పట్టలేదు. అమెరికాలో 1978 నుంచి నడుస్తున్న వాన కొలతల నెట్‌వర్క్ తన శాంపిల్స్‌లో కొన్ని దాచి ఉంచింది. పట్టినవాళ్ళకి ఐసోటోపుల ఆలోచన లేదు, ఎప్పుడైనా ఎవరికైనా పనికొస్తుందని దాచారంతే. మా దగ్గర ముప్పై ఏళ్ళ వానలు పీహెచ్ చూసుకుని సింకులో పోసేసి ఉంటే ఆ ముప్పై ఏళ్ళు మళ్ళీ రావు. బీఎస్-6 రాకముందు వాన, స్టీల్ ప్లాంటు సామర్థ్యం పెరగకముందు వాన, లాక్‌డౌన్‌లో బళ్ళన్నీ ఆగిపోయిన వేసవి వాన. ఇది రాస్తుంటే నిజంగా కడుపులో దేవినట్టుంది.

కాబట్టి ఈ సీజన్ నుంచి నేను మొదలుపెట్టాను. ఐసోటోపులు కొలిచే మెషీన్ నా దగ్గర లేదు, రాదు. గరాటు ఉంది, ప్లాస్టిక్ సీసాలున్నాయి, ఆసిడ్ ఉంది, పాత ఫ్రిజ్ ఒకటి ఉంది. ప్రతి వానకీ మూడు సీసాలు, మొదటిది, మధ్యది, చివరిది. వడగట్టి, మూత బిగించి, పెన్సిల్‌తో రాసిన చీటీ అంటించి ఫ్రీజర్‌లో. ఇప్పటికి ఇరవై ఏడు సీసాలయ్యాయి. నేను కాలేజీలో ఉన్న టైములో వాన పడితే ఎలా అని బెంగపడ్డాను, అమ్మకి చెప్పాను, గరాటు మూత ఎప్పుడు తీయాలో చూపించాను, చేతులు ఎలా కడుక్కోవాలో చూపించాను, గాలి ఎటు నుంచి వీస్తోందో కూడా చూడమ్మా అన్నాను. "నాకు తెలీదేటి, బట్టలారేసేదాన్ని" అంది.

నిన్న సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఫ్రీజర్‌లో మూడు సీసాలు కొత్తవి. చీటీల మీద ఏమీ లేదు, వంటింట్లో క్యాలెండర్ గడిలో పాల లెక్క పక్కన ఆవిడ గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: "మూడుంపావుకి మొదలు. నైరుతి గాలి. పొగ వాసన. నాలుగింటికి గాలి తిరిగింది, సముద్రం వేపు నుంచి. మూడో సీసా అప్పుడు పెట్టేను."